పాత పికప్‌లో ఇంజిన్ దీపం: కోడ్‌ను ఎలా అర్థం చేసుకోవాలి?

టమాటా పెట్టెలు నింపుకొని తెల్లవారుజామున కోలారుకో మదనపల్లెకో బయలుదేరిన డీజిల్ పికప్, ఎత్తు ఎక్కేచోట ఒక్కసారిగా లాగడం మానేస్తుంది. డాష్‌బోర్డుపై ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలుగుతుంది. వెంటనే బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ తగిలించడం చాలామందికి అలవాటు. దీపం ఆరుతుంది గాని లోపం అలాగే ఉంటుంది. పైగా కంప్యూటరు దాచి ఉంచిన ఆధారం చెరిగిపోతుంది.

బీఎస్-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1న దేశమంతటా అమలులోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది. ఆ నడుమ కొన్న పికప్‌లే ఇప్పుడు ఊళ్లలో పాతబండ్లు. ఇంజిన్‌లోని సెన్సర్ల కొలతలు హద్దు దాటినప్పుడు వీటి కంప్యూటరు ఒక కోడ్ రాసుకొని దీపం వెలిగిస్తుంది. స్టీరింగ్ దిగువన ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే ఆ కోడ్ కనబడుతుంది. చవక బ్లూటూత్ పరికరాలు కొన్ని బండ్లతో పనిచేయవు.

ఉదాహరణకు పి0087. ‘పి’ అంటే ఇంజిన్, గేర్ల విభాగం. దాని పక్కన సున్నా ఉంటే అన్ని కంపెనీలకు ఉమ్మడి కోడ్. 1 ఉంటే ఆ కంపెనీ సొంతది. కనుక మెకానిక్ బాగేపల్లిలో కన్నడం మాట్లాడినా, హోసూరులో తమిళం మాట్లాడినా, బరంపురంలో ఒడియా మాట్లాడినా పి0087కు అర్థం ఒక్కటే: ఇంజెక్టర్లకు డీజిల్ పంచే రైలులో ఒత్తిడి చాలదు.

ఒత్తిడి ఎందుకు చాలడం లేదో మాత్రం కోడ్ చెప్పదు. పంపు పోయిందని వేలకు వేలు ఖర్చుపెట్టడం తొందరపాటు. ముందు డీజిల్ ఫిల్టర్ చూడాలి, అందులో చేరిన నీటిని దించాలి. ఫిల్టర్ సగం పూడుకున్నా ఖాళీ బండి చక్కగా నడుస్తుంది. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు, డీజిల్ ఎక్కువ కావలసిన చోట, ఒత్తిడి పడిపోతుంది. తరువాత ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో గాలి చొరబడుతోందేమో, సెన్సర్ తీగ వదులైందేమో, ఇంజెక్టర్ల నుంచి డీజిల్ ఎక్కువగా వెనక్కి పోతోందేమో పరిశీలించాలి. పంపు వంతు చివరిది. చాలా బండ్లలో కోడ్‌తో పాటు ఆ క్షణపు ఇంజిన్ వేగం, భారం కూడా నిలిచి ఉంటాయి. వాటినీ చూపమని అడగాలి.

పి0401 వస్తే పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసితో పూడుకొని ఉండవచ్చు. ఒక్కోసారి శుభ్రం చేయడమే చాలు. సెన్సర్ల కోడ్‌లు నాలుగైదు ఒకేసారి వస్తే బ్యాటరీనీ, ఎర్త్ తీగనూ అనుమానించాలి. గడ్డివామి పక్కన నిలిపే బండి అయితే ఎలుకలను కూడా.

ఇంజిన్ నడుస్తుండగా రైలు గొట్టాలను వదులు చేయరాదు. అక్కడి ఒత్తిడి 1000 బార్లు దాటవచ్చు; సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పసుపు దీపం నిలకడగా వెలుగుతూ బండి లాగుతుంటే నెమ్మదిగా గమ్యం చేరవచ్చు. ఎర్రని ఆయిల్ దీపమో, వేడి దీపమో వెలిగితే అక్కడే ఇంజిన్ ఆపాలి.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపించి, అంతే బరువుతో అదే ఎత్తు ఎక్కించి చూడాలి. ఖాళీ బండిని వీధిలో ఒక చుట్టు తిప్పి బాగైందంటే ఒప్పుకోనక్కరలేదు.