కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను వెంటనే లేపకండి

ఈ ఎపిసోడ్‌లో కళ్లు తిరిగి పడిపోవడం గురించి మాట్లాడుకుందాం.

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆగస్టు 15న జెండా వందనానికి టిఫిన్ తినకుండా వెళ్లి, ఉక్కపోతలో గంటసేపు నిలబడ్డాను. చెమటలు పట్టాయి, చెవుల్లో గుయ్యిమంది, కళ్లు చీకట్లు కమ్మాయి. పడిపోయాను. ఫ్రెండ్స్ లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. మళ్లీ పడిపోయాను. ఎవరో ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టారు. రెండోసారి ఎందుకు పడిపోయానో చాలా కాలానికి గానీ అర్థం కాలేదు.

మనం నిలబడగానే అర లీటరు పైగా రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. మెడలోని పెద్ద రక్తనాళాల్లో బీపీని కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి. అవి మెదడుకి కబురు పంపగానే నరాలు రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచుతాయి. ఇదంతా సెకన్లలో జరిగిపోతుంది.

ఎక్కువసేపు నిలబడినా, రక్తం చూసినా, సూదికి భయపడినా కొందరిలో ఇది తిరగబడుతుంది. వేగస్ నరం గుండెను నెమ్మది చేస్తుంది, రక్తనాళాలు వదులైపోతాయి. బీపీ పడిపోయి, మెదడుకి రక్తం చాలక స్పృహ పోతుంది. దీన్నే వేసోవేగల్ సింకోపీ అంటారు. కాసేపు చేతులు, కాళ్లు అదరొచ్చు కూడా. అంతమాత్రాన ఫిట్స్ అనుకోకండి.

పడుకుంటే రక్తం మెదడుకి తేలిగ్గా చేరుతుంది. నన్ను కూర్చోబెట్టడమే తప్పయింది!

కాబట్టి ఎవరైనా పడిపోతే పడుకోబెట్టే ఉంచి, కాళ్లు ఎత్తిపెట్టండి. నోట్లో నీళ్లు పోయకండి. నిమిషంలో తెలివి రాకపోతే 108కి ఫోన్ చేయండి. మీకే కళ్లు మసకబారితే సిగ్గుపడకుండా పడుకోండి. వీలుకాకపోతే కాళ్లు ఒకదానిమీద ఒకటి మెలేసి, తొడలు, పిడికిళ్లు గట్టిగా బిగించండి.

ఇంట్లో పెద్దవాళ్లు మంచం మీంచి లేవగానే తూలుతున్నారా? షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, బీపీ మాత్రలు ఎక్కువైనా అలా జరగొచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన 3 నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.

ఆటలాడుతూనో, పరిగెడుతూనో, పడుకుని ఉండగానో స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించుకోండి. అది గుండె సమస్య కావచ్చు.

ఈసారి మీ కాలేజీలో ఎవరైనా పడిపోతే, కుర్చీ తెచ్చేవాళ్లను ఆపేది మీరే కావాలి. ఉంటాను మరి, బై!