తేనెటీగ వయస్సు - నోటిరసము

తేనెపట్టులో పెద్దవయస్సు వచ్చిన యీగలకు గల పనిని గూర్చి ఈ సాయంకాలము కొంచెము మనవి చేసెదను. బడిపంతులుగ నుండి విరమించిన నాకు ఈ విషయమునందు మక్కువ యుండుట సహజమే గదా!

అన్నపుముద్దను నోట నుంచుకొని చాలసేపు నమలి చూడుడు. ఏమియు కలుపకున్నను తీపి పుట్టును. మన లాలాజలమునందలి యొక పదార్థము అన్నములోని పిండిని చక్కెరగా మార్చుటయే దానికి కారణము. తాము వ్యయము గాకయే యితర పదార్థములను ఇట్లు మార్చువానిని శాస్త్రజ్ఞులు ఎంజైములందురు. ఇవి సమస్త జీవులయందును గలవు. కాని యెల్ల వయస్సులందును సమానముగ నుండవు. తేనెటీగయే యిందుకు నిదర్శనము.

పనియీగ తలలో, దారమునకు గ్రుచ్చిన పూసలవలె, రెండు గ్రంథులుండును. ఈగ రెక్కలతో గదినుండి వెలువడిన పిమ్మట, ఇంచుమించుగ 6వ దినము మొదలు 12వ దినము వరకు, ఇవి ఉబ్బి పాలవంటి ఆహారమును స్రవించును. అప్పుడది దాది, పిల్లపురుగులను మేపుట దాని పని. మూడువారములు గడచునప్పటికి పూవులకు బోవనారంభించును. అప్పుడు గ్రంథులు చిక్కి పాలు తగ్గును. కాని ఇన్వర్టేజు అను ఎంజైము వానియందు అప్పుడే అధికమగును. అది పూదేనెలోని చక్కెరను ద్రాక్షచక్కెరగను, పండ్లచక్కెరగను విడదీయును. మరియొక ఎంజైము ద్రాక్షచక్కెరలో కొంత భాగమును ఆమ్లముగ మార్చును. నీరు ఇగిరిపోవుటచేతను, ఈ ఆమ్లముచేతను తేనె చెడక నిలుచును.

జర్మనీలో రోష్ అను శాస్త్రజ్ఞుడు పిన్న యీగలను, పెద్ద యీగలను వేరు చేసి పరిశీలించి, 1930లో ఆ ఫలితములను ప్రకటించెను. దాదులు లేని చోట, పూవులకు బోవు పెద్ద యీగలలో కొన్ని మరల పిల్లలను మేపసాగెను. చిక్కిన గ్రంథులు తిరిగి ఉబ్బెను. కావున ఎంజైముల హెచ్చుతగ్గులను దినముల లెక్కయే గాక, పట్టుయొక్క యవసరము కూడ నిర్ణయించుచున్నది.

చిన్నతనమున మేము మంటపెట్టి పట్టునంతయు కోసెడివారము. దాదులును, తేనె చేయు పెద్దలును ఆ మంటలో నొక్కటిగ కాలుచున్నారని అప్పుడెరుగను. తేనెగల భాగమును మాత్రమే కోసి, పిల్లలున్న భాగమును విడిచినచో ఆ కుటుంబము మరల నిలుచుటకు అవకాశము గలదు. ఈ మాట మీ గ్రామములందలి తేనె తీయువారికి దయతో చెప్పుడు. పట్టులో పనికిరాని వయస్సు లేదు. మనయందును లేదని నా నమ్మకము.