పచ్చిక లేని క్లబ్బు

రుద్రారంలో షిఫ్టు దిగినవాళ్లకు గోల్ఫ్ మీద మనసైతే గోల్కొండ కోట దాకా వెళ్లాలి. ఆపైన ఖర్చులు! 2008లో వచ్చిన ఆన్‌లైన్ ఆట 'డబ్ల్యూజీటీ'లో ఆ బెంగ లేదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ మైదానమే తెర మీదికొస్తుంది. నలుగురిని పోగేసి 'కంట్రీ క్లబ్' పెట్టుకోవచ్చు. అసలు తిప్పలు అక్కడే మొదలు. సభ్యుల్ని చేర్చుకోవాలి, టోర్నమెంట్లు పెట్టాలి. ఒకరు అమెరికాలో, ఒకరు ఇక్కడా ఉంటే ఇద్దరికీ కుదిరే వేళ చూడాలి. నెలల తరబడి కనిపించనివారిని తీసేయాలా? పరీక్షలున్నాయో, ఉద్యోగమే పోయిందో! బంతి కొట్టడం కన్నా ఇదే కష్టం.

ఇంతా చేసి క్లబ్బు మన చేతిలో ఉండదు. 2004లో కొరియాలో మొదలైన 'పాంగ్యా' గోల్ఫ్ ఆటలోనూ ఇలాంటి బృందాలుండేవి. 2016లో అక్కడ సర్వర్లు ఆపేశారు. బృందాలూ వాటితోనే పోయాయి. ముందే ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లుంటే, వాళ్ల స్నేహాలే మిగిలుంటాయి.