జాతరలో ఒక్క గొంతు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మేడారం జాతర చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. ఒకప్పటి వరంగల్లు జిల్లాలో, ఇప్పటి ములుగు జిల్లాలో, తాడ్వాయి అడవుల మధ్య రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మల జాతర. గద్దెల ముందు లక్షల జనం, ‘బంగారం’ అని పిలుచుకునే బెల్లం మూటలు, డప్పులు, పూనకాలు, తప్పిపోయినవాళ్ళ కోసం మైకులో పిలుపులు. ఆ హోరులో చెయ్యి వదిలిన పిల్ల ‘అమ్మా’ అంటే తల్లికి వినపడాలి. అందుకు ఆ తల్లి చెవిని ఎంత విప్పాలి, ఎంత మూయాలి? హామ్ రేడియో వాళ్ళకు మోర్స్ పోటీల్లో ఎదురయ్యే చిక్కు అచ్చం ఇదే.

ప్రభుత్వ పరీక్ష ప్యాసై, లైసెన్సు పుచ్చుకుని, లాభాపేక్ష లేకుండా ఇంట్లోంచే దేశదేశాలవాళ్ళతో మాట కలపడం హామ్ రేడియో. మగవాళ్ళ వ్యాపకం కదా, మనకెందుకంటారేమో. హైదరాబాదులో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. ఆ సంస్థ బృందంతో 2004లో భారతీ ప్రసాద్ అనే గృహిణి అండమాన్‌కు వెళ్ళి, పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంతో మాట్లాడుతున్నారు. డిసెంబరు 26న సునామీ వచ్చి టెలిఫోనులు మూగబోయినప్పుడు, అక్కడివాళ్ళ క్షేమ సమాచారాలు బయటికి చేరడానికి ఆ రేడియోలే ఆధారమయ్యాయి. రొదలోంచి సన్నని గొంతును ఏరుకునే అలవాటు ఎందుకు అక్కరకొస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక మోర్స్. తంతి ఆఫీసులో వినపడే ‘కట్ట కడకట్ట’ మీకు గుర్తుందా? తంతి సర్వీసు 2013 జూలైలో మూతపడింది గాని, ఆ భాష హామ్‌ల దగ్గర బతికే ఉంది. మాటకు సుమారు 2,400 హెర్ట్జ్ చోటు కావాలి. నిమిషానికి పాతిక మాటల వేగంతో కొట్టే మోర్స్‌కు నూరో, నూట యాభయ్యో చాలు. అందుకే కొద్దిపాటి కరెంటుతోనే అది దూరతీరాలకు పోతుంది.

ఏటా నవంబరు చివరి పూర్తి శని, ఆదివారాల్లో 48 గంటలపాటు సీక్యూ వరల్డ్‌వైడ్ మోర్స్ పోటీ ఉంటుంది. ఎంతమందిని, ఎన్ని దేశాలను పలకరించామన్నది లెక్క. అప్పుడు 7 మెగాహెర్ట్జ్ బాండు మొదట్లో కాలు మోపే సందుండదు. ఒక్కోసారి స్టేషనుకూ స్టేషనుకూ రెండు మూడు వందల హెర్ట్జ్ ఎడం కూడా ఉండదు.

రిసీవరులో ఫిల్టరు తలుపులాంటిది. ఎంత తెరిస్తే అంతమంది లోపలికొస్తారు. మాటలకు పెట్టిన 2,400 హెర్ట్జ్ తలుపు తీసి మోర్స్ వింటే పిచ్చుకల గుంపు కిచకిచలాడినట్టే. 500కి ఓరగా వేస్తే ఇద్దరు ముగ్గురు మిగులుతారు, వెనక బుసబుసమనే రొద అయిదో వంతుకు పడిపోతుంది. 250కి వేస్తే ఆ మిగిలిన రొదలోనూ సగం పోతుంది. అయితే ఇంకేం, 50కి మూసేస్తే పోలేదా అంటారు. అక్కడే ఉంది తిరకాసు.

మరీ ఇరుకు చేస్తే ప్రతి చుక్కా కంచు గిన్నెకు గరిటె తగిలినట్టు మోత సాగదీస్తుంది. వేగంగా కొట్టేవాళ్ళ చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గంటల తరబడి ఆ గంట మోత వింటే తలనొప్పి ఖాయం. అదీగాక మన చెవి కూడా ఫిల్టరే. పాట నేర్చుకున్నవాళ్ళకు తెలుసు, రెండు స్వరాల శ్రుతి వేరైతే చెవి తనంతట తనే విడదీసుకుంటుంది.

అన్నిటికంటె ముఖ్యం, మీరు పిలిచేవాళ్ళా, వెతికేవాళ్ళా అన్నది. జాతరలో తప్పిపోయినప్పుడు ఒకరు చెట్టు కింద నిలబడతారు, ఇంకొకరు తిరిగి వెతుకుతారు. నిలబడ్డ మనిషి అన్ని దిక్కులా చెవి ఒగ్గాలి, వచ్చేవాళ్ళు ఏ పక్కనుంచి వస్తారో తెలియదు కనక. అలాగే ఒకచోట ఉండి ‘సీక్యూ, సీక్యూ’ అని పిలిచే స్టేషనుకు బదులిచ్చేవాళ్ళు సరిగ్గా ఆ ముల్లు మీదకే రారు, నూరు హెర్ట్జ్ అటో ఇటో పడతారు. కనక 400, 500 దగ్గర ఉంచడమే మేలని నా అభిప్రాయం. పక్కవాడు మరీ మీదపడితే 250కి దింపి, వాడు తప్పుకోగానే మళ్ళీ తెరవాలి. ఈ తెరవడం మరిచిపోయి, జవాబులే రావడం లేదని విసుక్కునేవాళ్ళు ఎక్కువ. వెతికేవాళ్ళ సంగతి వేరు. వెడల్పుగా పెట్టి బాండంతా తిరిగి, మనిషి దొరికాక ఇరుకు చేసుకోవచ్చు.

ఇంకో చిక్కు. పక్కనే బలమైన స్టేషను ఉంటే, అది మీకు వినపడకపోయినా రిసీవరు జడిసి తన శక్తిని తనే తగ్గించుకుంటుంది. చెవి పక్కన డప్పు మోగితే దూరపు మాట వినపడనట్టు, మీక్కావలసిన సన్నని గొంతు మునిగి తేలుతుంటుంది. ఫిల్టరు ఇంకా ఇరుకు చేసినా ఇది పోదు. ఆర్.ఎఫ్. గెయిన్ అనే గుండీ కాస్త తగ్గించాలి.

వెనక ఒక్కో వెడల్పుకూ ఒక్కో స్ఫటిక ఫిల్టరు విడిగా కొని బిగించుకోవలసి వచ్చేది. ఇప్పటి సెట్లలో గుండీ తిప్పితే చాలు. మోర్స్ పట్టే సెట్టు ఎవరింట్లోనన్నా ఉంటే, ఈసారి నవంబరులో పొద్దుగుంకాక 7 మెగాహెర్ట్జ్ దగ్గర ముందు 500 పెట్టి వినండి, తర్వాత 250కి తిప్పండి. ‘వి, యు’ అక్షరాలతో మొదలయ్యే పేరు, చివర 22 అంకె వినపడితే, అది మన దేశపు స్టేషనే.