కాలికింద కదిలే నేల

ముంబాయిలో మూడు తరాలుగా కాపురముంటున్న మా ఇంట్లో, నిరుడు ముందుగదిలోని పాత మొజాయిక్ నేలమీద లామినేట్ పలకలు పరిపించాము. చూపులకు టేకుచెక్కవలె ఉన్నది. వచ్చినవారందరూ మెచ్చుకున్నారు. వానాకాలం రాగానే వచ్చింది చిక్కు. గది నడుమ అడుగు వేస్తే నేల కిందికి దిగేది, అడుగు తీస్తే పైకి లేచేది. పైగా టక్కుమని చప్పుడు. మా అత్తగారు చేతికర్ర ఆనించి రెండడుగులు వేసి, "నేల నిలవడం లేదమ్మా, నాకు భయంగా ఉన్నది" అని ఆ గదిలోకి రావడమే మానివేశారు.

పలకలు అమ్మినవారిని అడిగితే, కొంత కదలిక సహజమే అన్నారు. అందులో సగం నిజమున్నది. ఈ పలకలను కింది నేలకు అంటించరు, మేకులు కొట్టరు. ఒకదాని అంచు మరొకదాని గాడిలో బిగిసి, అన్నీ కలిసి పలుచని ఫోమ్ పరుపుమీద ఆని ఉంటాయి. పరుపు కొద్దిగా అణగడం తప్పు కాదు. కాని ఒకేచోట ఊగుతూ ఉంటే అంచులు విరిగి సందులు పడతాయి. అంతదాకా రానివ్వకూడదు.

మా మేస్త్రీ మొదట గోడవెంబడి స్కర్టింగ్ పట్టీ ఊడదీశాడు. "చూడండమ్మా, పలక మసలడానికి చోటే లేదు" అన్నాడు. ఈ పలకల లోపల ఉన్నది అదిమిన చెక్కనార. అది తేమకు ఉబ్బుతుంది. అందుకని చుట్టూ గోడకూ పలకకూ నడుమ సుమారు 10 మిల్లీమీటర్ల ఖాళీ విడవాలి. మా ఇంట్లో ఒకవైపు పలక గోడకు ఆనుకొని ఉండడంచేత, జరగడానికి చోటులేక నడుమ పొంగింది. ఆ అంచు కోయగానే నాలుగు రోజుల్లో పొంగు చాలావరకు అణిగింది.

మిగిలిన ఊపు కింది నేల లోపం. పలకలకు వరుసగా నంబర్లు వేసి విప్పి, 2 మీటర్ల తిన్నని బద్దను మొజాయిక్ మీద ఆనించి చూస్తే, ఒకచోట 6 మిల్లీమీటర్ల పల్లం కనబడింది. 3 మించితే పలక ఊగక తప్పదన్నాడు. ఆ పల్లాన్ని సిమెంటు లెవెలింగ్ మిశ్రమంతో నింపి, పూర్తిగా ఆరనిచ్చి, పైన పాలిథిన్ పట్టా, దానిమీద ఒకే పొర ఫోమ్ పరచి, పలకలను తిరిగి బిగించాడు. మెత్తగా ఉంటుందని మొదట రెండు పొరలు వేయించినది మేమే! పరుపు మందమైనకొద్దీ ఊపు పెరుగుతుందని మాకప్పుడు తెలియదు. స్కర్టింగ్ మేకులు కూడా గోడకే దిగాలి గాని పలకకు దిగకూడదట.

మర్నాడు మా అత్తగారు గుమ్మంలో నిలబడి, కర్రతో నేలను రెండుసార్లు తట్టి చూచారు. తరువాత మెల్లగా నడిచివచ్చి, కిటికీ దగ్గర తమ కుర్చీలో కూర్చున్నారు.

పైమెరుగు చూచి మురిసేముందు కింది నేలను బద్దపెట్టి చూపించుకోవలసిందని సోదరీమణులకు మా మనవి.