అవ్వ ముక్కు, పొట్లం మీది తేదీ

పిల్లలూ! కర్నూలు, కడప పల్లెల్లో మా అవ్వల కాలంలో సజ్జలను ఏ రోజుకారోజే విసిరేవారు. పిండి నిలవ ఉంటే చేదెక్కుతుంది. ముక్కు దగ్గర పెట్టుకొని పనికివస్తుందో లేదో చెప్పేది అవ్వ.

ఇప్పుడు సజ్జపిండి, దోసెపిండి పొట్లాలు ఆన్‌లైన్‌లో కొంటున్నాం. నిరుడు మా ఇంటికొచ్చిన పొట్లం మీద శాకాహారమని చెప్పే పచ్చచుక్క ఉంది, సేంద్రియమని చెప్పే ‘జైవిక్ భారత్’ గుర్తూ ఉంది. రొట్టె మాత్రం చేదు! తేదీ చూస్తే, పిండి తయారై అయిదు నెలలు.

ఎందుకిలా? 100 గ్రాముల సజ్జల్లో సుమారు 5 గ్రాముల కొవ్వు ఉంటుంది. తెల్లబియ్యంలో ఒక గ్రామైనా ఉండదు. గింజ పగలగానే అందులోని లైపేజ్ అనే ఎంజైము కొవ్వును ఆమ్లాలుగా విడగొడుతుంది. గాలిలోని ఆక్సిజన్ తోడై వాసన మారుతుంది. సేంద్రియ సజ్జలకైనా ఇది తప్పదు. ఆ రెండు గుర్తులూ తాజాతనం గురించి ఏమీ చెప్పవు. తెర మీద వాసన రాదు కదా! అందుకే పొట్లం రాగానే తయారీ తేదీ చూడండి.

వేడికి లైపేజ్ చెడిపోతుంది. కొన్ని సజ్జలను పెద్దల సాయంతో దోరగా వేయించి, కొన్నిటిని పచ్చివిగానే ఉంచి, వేరువేరుగా పిండి పట్టించండి. సీసాల్లో పోసి మూతపెట్టి, రోజూ వాసన చూడండి. ఏది ముందు మారిందో, ఎన్నో రోజునో మాకు రాయండి.