మరమ్మతు అంచనా వ్రాసి ఇచ్చినందుకు ప్రతిఫలం: ధర్మశాస్త్ర దృష్టిలో

హైదరాబాదు పాతనగరంలో డంగుసున్నపు ఇంటినో, ముప్ఫై నలభై ఏండ్లనాటి స్లాబు ఇంటినో కొనదలచినవారు బయానా ఇచ్చే ముందు ఒక మేస్త్రీని వెంటబెట్టుకుపోవటం మామూలే. అతను గోడమీద చెయ్యివేసి చెమ్మ చూస్తాడు, పెచ్చులూడినచోట సుత్తితో తట్టి చువ్వల తుప్పు గమనిస్తాడు, మరమ్మతుకు సుమారు ఇంత అవుతుందని నోటితో చెబుతాడు. ఇంతవరకు పేచీ లేదు. “ఇదంతా కాగితం మీద వ్రాసి ఇవ్వండి” అన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. వ్రాయాలంటే కొలతలు తీయాలి. సిమెంటు, ఇసుక, ఇనుము, కూలి విడివిడిగా లెక్కకట్టాలి. ఒక పూట గడిచిపోతుంది. తీరా కొనేవారు ఆ కాగితం చూపి అమ్మేవారి దగ్గర ధర తగ్గించుకొని, పనిని ఇంకొకరికి అప్పగించవచ్చు. అసలు బేరమే కుదరకపోవచ్చు. మరి ఆ పూట కూలి ఎవరిది? ఇటు చూస్తే, జన్మంతా కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొంటున్న మనిషి నలుగురు మేస్త్రీలకు నాలుగుసార్లు డబ్బు చెల్లించగలడా?

ఇక్కడ రెండు విషయాలు కలగాపులగమైపోతున్నాయి. “ఈ పని ఇంతకు చేస్తాను” అనటం బేరంలో మొదటి మాట, అంటే ఈజాబ్. సరుకు ధర చెప్పినందుకు అంగడివాడు డబ్బు అడగడు. మేస్త్రీ అడగటమూ సబబు కాదు. కాని ఇల్లంతా శోధించి, కొలిచి, లెక్కకట్టి, వ్రాసి ఇవ్వటం ఒక శ్రమ. శ్రమకు నిర్ణీత ప్రతిఫలం తీసుకోవటం ఇజారా ఒప్పందం క్రిందికి వస్తుంది.

దీనికి దగ్గరి పోలిక ఒకటి హనఫీ గ్రంథాలలోనే ఉంది. 1677లో మరణించిన అల్లామా హస్కఫీ తన ‘దుర్రె ముఖ్తార్’లో ముఫ్తీ ప్రస్తావన తెచ్చారు. అడిగినవానికి నోటితో జవాబు చెప్పటం ముఫ్తీ విధి, దానికి ప్రతిఫలం లేదు. వ్రాసి ఇవ్వటం మాత్రం విధి కాదు గనుక వ్రాతకు తగిన ప్రతిఫలం పొందవచ్చు. తీసుకోకుండా ఉండటమే మేలని కూడా ఆయన అన్నారు, ఆ మాట దాచవలసిన పని లేదు. ధర్మజ్ఞానం విషయంలోనే మాటకూ వ్రాతకూ ఇంత తేడా ఉన్నప్పుడు, సుత్తీ తాపీతో బ్రతికే మేస్త్రీ వ్రాతకు ప్రతిఫలం అడిగితే తప్పుపట్టటం కష్టం.

అయితే ఆ మొత్తం ముందే తేలాలి. పని అయిన తర్వాత “వెయ్యి రూపాయలు ఇవ్వండి” అంటే? ఉస్మానియా సామ్రాజ్యంలో 1869 నుండి 1876 వరకు సంకలనమైన ‘మజల్లా’ ప్రకారం, కూలి మాట్లాడుకోకుండా ఒకరు చెప్పగా పనిచేసినవాడు కూలికి పనిచేసే వర్గానికి చెందినవాడైతే, ఆ పనికి చెల్లే మామూలు కూలి (ఉజ్రతె మిస్ల్) అతనికి దక్కుతుంది. ఈ నియమం చూపి మేస్త్రీ తన హక్కు అడగవచ్చుననిపిస్తుంది. కాని అదే గ్రంథం వాడుకలో ఉన్న ఆచారాన్ని పెట్టుకున్న షరతుతో సమానంగా ఎంచింది. అంచనా ఉచితంగా ఇవ్వటమే ఆచారమైన ఊళ్లో, ముందుగా చెప్పని మేస్త్రీకి అడిగే హక్కు లేదు. డబ్బు పుచ్చుకోవటమే ఆచారమైనచోట “చెప్పలేదు కదా” అని కొనేవారు తప్పించుకోవటానికీ వీల్లేదు.

“పని నాకే ఇస్తే అంచనా డబ్బు అందులో తగ్గిస్తాను” అనే పద్ధతి సంగతి కొంత సున్నితమైనది. ‘హిదాయా’లో దర్జీ ఉదాహరణ ఉంది: పారసీక పద్ధతిలో కుడితే ఒక దిర్హమ్, రూమీ పద్ధతిలో కుడితే రెండు. ఈ ఒప్పందం చెల్లుతుంది. ఎందుకంటే రెండు పనులూ, రెండు కూలీలూ స్పష్టంగా తెలుసు. మేస్త్రీ విషయంలో అంచనా పూర్తయ్యేదాకా మరమ్మతు ధర తెలియనే తెలియదు. కనుక అంచనా కూలిని విడిగా ఖాయం చేసుకొని, తర్వాత మరమ్మతు బేరం కుదిరినప్పుడు మేస్త్రీ ఇష్టపడి తన ధరలో తగ్గించటమే చిక్కులేని దారి.

డబ్బు తీసుకున్న మేస్త్రీ స్థానం కూడా మారుతుంది. ఉచితంగా చూసేవాడు పని కోసం వచ్చినవాడు. చిన్న చెమ్మను పెద్ద లీకేజీగా చూపితే అతనికే లాభం. కూలి పుచ్చుకున్నవాడు కొనేవారి తరఫున చూస్తున్న అజీర్, అతని చేతిలోని ఆ లెక్క ఒక అమానత్. అమ్మేవారి నుండి చాటుగా ఏదైనా పుచ్చుకొని తుప్పును తక్కువచేసి వ్రాస్తే అది ద్రోహం. పైకి పొడి ధాన్యం కనిపించేలా పోసి తడిసినదాన్ని అడుగున ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మందలించిన సంగతి తెలిసిందే. కొత్త సున్నం క్రింద పగులును కప్పిపెట్టే అమ్మకందారుకూ, దాన్ని చూసీ వ్రాయని మేస్త్రీకీ ఆ మందలింపు వర్తిస్తుంది.

కొనేవారి వైపు నుండీ ఒక మాట. పని ఇచ్చే ఉద్దేశం ఏమాత్రం లేకుండా, ఇస్తామని ఆశచూపి ముగ్గురి చేత ఉచితంగా లెక్కలు వ్రాయించుకోవటం వంచనే. అమ్మేవారితో బేరమాడటానికే కాగితం కావాలంటే ఆ మాట మేస్త్రీకి మొదటే చెప్పాలి. అప్పుడు ఉచితంగా వ్రాయాలో, కూలి అడగాలో, వెనక్కి వెళ్లాలో అతనే తేల్చుకుంటాడు. కూలి చెల్లించి తీసుకున్న కాగితం మాత్రం చెల్లించినవారిదే. దాన్ని అమ్మేవారికి చూపినా, పక్కవీధి మేస్త్రీకి చూపి తక్కువ ధరకు మాట్లాడుకున్నా వ్రాసినవాడు అభ్యంతరం చెప్పలేడు.